పోపుల డబ్బా ఎక్కడి నుంచి వచ్చింది?

ఫలానా వంట మాది, ఫలానా రుచి బయటిది అనే మాటలు ఈమధ్య తరచుగా వినిపిస్తున్నాయి. అలా అనే ముందు ఒకసారి ఇంట్లో పోపుల డబ్బా మూత తీసి చూడమని మేము కోరుతున్నాము. అందులో మిరియాలు, ఏలకులు నిస్సందేహంగా ఈ దేశపువే, పడమటి కనుమల్లో పుట్టినవి. మిగతావాటిలో చాలా వరకు ఎక్కడి నుంచో వచ్చి మనతో కలిసిపోయినవి.

మిరపకాయనే తీసుకుందాం. గుంటూరు మిర్చి యార్డు చూసినవారికి మిరప లేని తెలుగు భోజనం ఊహకే అందదు. కాని ఆ మొక్క పుట్టిల్లు అమెరికా ఖండం. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరిన తరువాతే, పోర్చుగీసు వర్తకుల వల్ల అది మన దేశానికి వచ్చింది. అంతకుముందు మన కూరల్లో ఘాటుకు మిరియాలే ముఖ్యం. కొత్త కాయ కోసం మన పెద్దలు కొత్త పేరు వెతకలేదు. మిరియంలా మండుతోంది కనుక మిరపకాయ అన్నారు. కాకతీయ చక్రవర్తులు ఎర్రటి ఆవకాయ రుచి చూసే అవకాశమే లేదన్నమాట!

గుళ్లో ప్రసాదంగా పెట్టే పులిహోర సంగతి ఇంకా చిత్రం. చింత చాలా ప్రాచీన కాలంలో ఆఫ్రికా నుంచి వచ్చిందంటారు. అరబ్బులు మాత్రం దాన్ని మన దేశపు పండుగానే ఎరుగుదురు. అందుకే 'తమర్ హిందీ', అంటే హిందూదేశపు ఖర్జూరం అని పేరు పెట్టారు. వేరుశనగ దక్షిణ అమెరికాది. ఇంగువ అఫ్ఘానిస్తాన్, ఇరాన్ కొండల్లో పెరిగే ఒక మొక్క వేరుకు గాటు పెడితే కారే పాలు. మన శాస్త్రవేత్తలు దాన్ని హిమాచల్‌లోని లాహౌల్ లోయలో నాటించింది 2020 అక్టోబరులో. అప్పటిదాకా మన పోపుల్లో పడిన ఇంగువ దాదాపు అంతా దిగుమతి సరుకే.

ఇక హలీమ్. గోధుమలు, మాంసం కలిపి మెత్తగా ఉడికించే అరబ్బుల హరీస్ దానికి మూలం. నిజాం సైన్యంలో చేరి బార్కస్‌లో స్థిరపడిన హద్రమౌత్ అరబ్బులు ఆ వంటను వెంట తెచ్చుకున్నారు. హరీస్‌లో మసాలా నామమాత్రం. ఏలకులు, మిరియాలు, షాజీర, అల్లం దండిగా చేర్చింది ఇక్కడి చేతులే. 2010లో భౌగోళిక గుర్తింపు పొందినది ఈ హైదరాబాదీ హలీమే.

ఇటు నుంచి అటు వెళ్లినవీ ఉన్నాయి. దివ్య ఖుర్‌ఆన్ 76వ సూరాలో స్వర్గపు పానీయాన్ని వర్ణించేచోట 'జంజబీల్' అనే మాట వస్తుంది. అంటే అల్లం. పాళీలో 'సింగివేర' అనే మాట పారశీకం మీదుగా ప్రయాణించి అరబ్బీలో ఇలా మారిందని భాషావేత్తలు చెబుతారు. సరుకుతోపాటు పేరు కూడా ఓడ ఎక్కింది.

మరి ఆ ఓడలు ఏ ధైర్యంతో వచ్చేవి? దీనికి మన తీరంలోనే ఒక సాక్ష్యం ఉంది. మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం అది. పూర్వపు రాజులు తుఫానుకు కొట్టుకువచ్చి తీరాన విరిగిన ఓడల సరుకంతా లాక్కునేవారు. సముద్రంలో సర్వం పణంగా పెట్టి వచ్చిన పరదేశి ఒడ్డున కూడా దోపిడీకి గురయ్యేవాడు. గణపతిదేవుడు ఆ అలవాటు మాన్పించి, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని రాతి మీద మాట ఇచ్చాడు. ఏ దేశం వాడు, ఏ మతం వాడు అన్న షరతు పెట్టలేదు. ఆ సుంకాల పట్టికలో మంచిగంధం, చీనా కర్పూరం, మిరియాలతోపాటు పన్నీరు కూడా ఉంది.

ఆ శాసన స్తంభం బాపట్ల జిల్లా మోటుపల్లిలో, వీరభద్రస్వామి ఆలయంలో ఉంది. చీరాల వైపు వెళ్లేవారు కాస్త దారి మళ్లి చూడవచ్చు.