మిగతాది వచ్చే వారం

వారపత్రికలో సీరియల్ చదివే అక్కయ్యలకు “సశేషం” అన్న మాట ఎంత ఉడికిస్తుందో చెప్పనక్కర్లేదు గదా! 1936లో అమెరికాలో వచ్చిన ‘ఫ్లాష్ గోర్డన్’ సినిమా సీరియల్ బలమంతా ఆ మాటలోనే ఉంది. మొత్తం 13 భాగాలు. వారానికొకటి హాల్లో వేసేవారు. హీరో బస్టర్ క్రాబ్ 1932 ఒలింపిక్స్‌లో ఈతకు బంగారు పతకం గెలిచినవాడు.

అందులో రాకెట్టు చిన్న బొమ్మే. నిప్పురవ్వలు చిమ్ముతూ పోతుంది, పొగ మాత్రం పొయ్యి మీద పొగలాగా పైకి లేస్తుంది! అయినా కళ్ళు తిప్పుకోలేం. భాగం ముగిసేసరికి హీరో ప్రాణం మీదికి వస్తుంది. “ఎట్లా తప్పించుకుంటాడబ్బా?” అని పిల్లలు వారమంతా కథ అల్లుకునేవారు.

హనుమంతునిపాడులో కథ చెప్పే అవ్వకూ ఈ కిటుకు తెలుసు. “మిగతాది రేపు” అంటుంది. ఇవాళ ఫోన్లో సీరియల్ భాగాలన్నీ ఒకేసారి దొరుకుతున్నాయి. చూపించండి, తప్పులేదు. కానీ రోజుకొక్కటే! మిగతాది పిల్లల్నే ఊహించుకోనివ్వండి.