సహకార రంగం – ప్రభుత్వం

ఒక్కరివల్ల కాని పనిని పదిమంది కలిసి నెరవేర్చుకోవడం మన పల్లెలకు కొత్త కాదు. నాట్ల వేళ ఒకరి పొలంలో ఒకరు పనిచేసి పెట్టుకోవడం, చెరువుకట్ట తెగితే ఊరంతా కదలివచ్చి పూడ్చడం అనాదిగా ఉన్న ఆచారాలే. ఈ ఆచారానికి వ్యాపార రూపం కల్పిస్తే అది సహకార సంఘమవుతుంది. అందులో యజమానులూ సభ్యులే, ఖాతాదారులూ సభ్యులే. వాటాలెన్ని ఉన్నా మనిషికి ఒకటే ఓటు. మిగులును వాటాధనాన్ని బట్టి కాక, సంఘంతో ఎవరు ఎంత లావాదేవీ జరిపారన్న దానిని బట్టి పంచుకుంటారు. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో 28 మంది శ్రామికులు పైసా పైసా కూడబెట్టి తెరచిన ఉమ్మడి దుకాణం ఈ పద్ధతికి ఆదర్శంగా నిలిచింది. వారు ఏ ప్రభుత్వ సాయాన్నీ అర్థించలేదు.

మన దేశంలో కథ వేరు. ఇక్కడ సహకారం పైనుంచి దిగివచ్చింది. వడ్డీ వ్యాపారుల బారినుండి రైతును కాపాడాలన్న తలంపుతో బ్రిటిష్ ప్రభుత్వం 1904లో సహకార పరపతి సంఘాల చట్టం చేసింది. పదేళ్ల తరువాత హైదరాబాదు సంస్థానంలోనూ అటువంటి చట్టం వచ్చింది. సంఘాలను నమోదు చేయడానికి, తనిఖీ చేయడానికి రిజిస్ట్రారు అనే అధికారి ఏర్పడ్డాడు. అయినా 1951-52లో జరిగిన అఖిలభారత గ్రామీణ పరపతి సర్వే, రైతుల అప్పులో సహకార సంఘాలు సమకూర్చినది నూటికి మూడు పాళ్లు మాత్రమేనని తేల్చింది. సంఘాలు బలపడాలంటే ప్రభుత్వమే వాటాదారుగా చేరాలని ఆ సర్వే సంఘం 1954లో సిఫారసు చేసింది.

ఆ సిఫారసు సదుద్దేశంతో చేసినదే. ఊరూరా సంఘాలు వెలిశాయి, ఎరువులూ అప్పులూ రైతు ముంగిటికి వచ్చాయి. కాని డబ్బు పెట్టినవాడు పెత్తనం కోరడం లోకసహజం. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం ప్రభుత్వానికీ రిజిస్ట్రారుకూ విస్తృతమైన అధికారాలు కట్టబెట్టింది. సంఘం నియమావళిని మార్చమని ఆదేశించవచ్చు; ఎన్నికలు వాయిదా వేయవచ్చు; ఎన్నికైన పాలకవర్గాన్ని తొలగించి ఆ స్థానంలో పర్సన్ ఇన్‌చార్జిని నియమించవచ్చు. క్రమంగా సభ్యుని దృష్టిలో సంఘం తనది కాకుండా పోయి, సర్కారువారి కార్యాలయాలలో ఒకటిగా మారింది. సర్కారు సొమ్ము తిరిగి కట్టకపోయినా ఫరవాలేదన్న భావం పుట్టిన తరువాత ఏ సంఘం మాత్రం నిలుస్తుంది?

నిలిచిన సంఘాలూ లేకపోలేదు. హనుమకొండ నుండి ఎల్కతుర్తి మీదుగా హుస్నాబాదు వెళ్లే దారిలో ముల్కనూరు ఉంది. ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలోని ఈ గ్రామం 2016 పునర్విభజనలో వరంగల్ పట్టణ జిల్లాలో చేరింది; ఆ జిల్లాకే 2021లో హనుమకొండ అని పేరు పెట్టారు. ఇక్కడ అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి నాయకత్వంలో 1956లో సహకార సంఘం ఆవిర్భవించింది. అప్పు ఇచ్చి ఊరుకోవడంతో దాని పని ముగియలేదు. రైతుకు విత్తనమూ ఎరువూ సమకూర్చింది. పండిన ధాన్యాన్ని తానే కొని, తన మిల్లులో పట్టించి అమ్మింది. పంట సంఘానికే వచ్చేది గనుక అప్పు వసూలు కష్టం కాలేదు. మిగులు తిరిగి రైతులకే చేరింది. ఈ సంఘాన్ని చూడటానికి దూర రాష్ట్రాలవారు వచ్చారు. అయితే చూసి వెళ్లినంత మాత్రాన మరొక ముల్కనూరు పుట్టదు. చట్టం కూడా దారి ఇవ్వాలి.

ఆ దారి 1995లో ఏర్పడింది. చౌదరి బ్రహ్మప్రకాశ్ అధ్యక్షతన ప్రణాళికా సంఘం నియమించిన కమిటీ 1991లో ఒక ఆదర్శ చట్టాన్ని రూపొందించింది. హైదరాబాదులోని సహకార వికాస సంస్థ వంటివి సహకార స్వయంపాలన కోసం ఏళ్ల తరబడి వాదించాయి. ఫలితంగా ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ఇటువంటి చట్టం దేశంలో ఇదే మొదటిది. దీని కింద నమోదైన సంఘంలో ప్రభుత్వానికి వాటాధనం ఉండదు. నియమావళి సభ్యులదే, ఎన్నికల బాధ్యత సభ్యులదే, నష్టం వస్తే భరించవలసిందీ సభ్యులే. పాత సంఘాలు ప్రభుత్వ వాటాధనాన్ని తిరిగి చెల్లించి కొత్త చట్టంలోకి మారవచ్చు. వరంగల్, కరీంనగర్ జిల్లాల మహిళా పొదుపు సంఘాలకు ఈ చట్టం గొప్ప ఊతమయింది. ఆ పొదుపు అనుభవమే పునాదిగా ముల్కనూరు మహిళలు తమ సొంత పాల సహకార సంఘాన్ని నెలకొల్పుకొని, 2000 నుండి ‘స్వకృషి’ పేరుతో పాలు అమ్మసాగారు. పేరు పెట్టుకోవడంలోనే వారి పట్టుదల తెలుస్తున్నది. కర్ణాటక, బీహార్, ఒడిశా వంటి రాష్ట్రాలు కూడా ఇటువంటి చట్టాలు చేసుకున్నాయి.

ఇచ్చిన స్వేచ్ఛను తిరిగి తీసుకునే ప్రయత్నమూ జరిగింది. 2006లో రాష్ట్ర ప్రభుత్వం చట్టాన్ని సవరించి, పాల సంఘాలన్నీ 1964 చట్టం కింద నమోదైనట్లే భావించాలని శాసించింది. సంఘాలు న్యాయస్థానాన్ని ఆశ్రయించాయి. హైకోర్టు 2007లో ఆ సవరణను కొట్టివేయగా, 2011లో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. ఒక చట్టాన్ని నమ్మి స్వచ్ఛందంగా కూడినవారిని, వారి సమ్మతి లేకుండా మరొక చట్టం కిందికి నెట్టడం రాజ్యాంగం ప్రసాదించిన సంఘ స్వాతంత్ర్యానికి విరుద్ధమన్నది ఆ తీర్పు సారాంశం.

2012లో అమలులోకి వచ్చిన 97వ రాజ్యాంగ సవరణ సహకార సంఘాలు ఏర్పరచుకోవడాన్ని ప్రాథమిక హక్కులలో చేర్చింది. 2021 జులైలో కేంద్రప్రభుత్వం సహకారానికి ప్రత్యేక మంత్రిత్వశాఖను నెలకొల్పింది. సరిగ్గా అదే నెలలో, ఆ సవరణలో రాష్ట్రాల సంఘాల నిర్వహణకు సంబంధించిన భాగం చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సహకారం రాష్ట్రాల జాబితాలోని అంశం. సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం పొందకుండా దానిని చేర్చడం కుదరదన్నది. తెలంగాణలో నేడు 1964 చట్టమూ 1995 చట్టమూ రెండూ అమలులో ఉన్నాయి. కొత్తగా సంఘం పెట్టదలచిన రైతులు దేని కింద నమోదు కావాలో తామే నిర్ణయించుకోవాలి.