రెండు మాయాబజారులు

1885లో మన కడప మండలమందలి సురభి గ్రామమున ‘కీచకవధ’ నాటకముతో వనారస గోవిందరావుగారి కుటుంబము రంగమెక్కినది. ఆ ఊరి పేరే సమాజమునకు ఇంటిపేరైనది. వారు తరతరములుగా ఆడుచు వచ్చిన నాటకములలో ‘మాయాబజారు’ ఒకటి. ఆ కథనే 1957లో విజయావారు కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున చలనచిత్రముగా తీసిరి.

ఈ రెంటిని పోల్చి చూతము. చిత్రమునకు ధనబలము, మార్కస్ బార్‌ట్లేగారి ఛాయాగ్రహణ చాతుర్యము కలవు. సురభివారికి చిత్రించిన తెరలు, కంటికానని తీగెలు, హార్మోనియము కలవు. వైభవమున చిత్రముదే పైచేయి.

సంగీతమున తీర్పు అంత సులభము కాదు. చిత్రమున ఘటోత్కచుడు ఎస్.వి. రంగారావుగారు, పాటలో గొంతు మాధవపెద్ది సత్యంగారిది. సురభి రంగముపై పాత్రధారియే గాయకుడు. సభవారు ‘వన్స్‌మోర్’ అన్నచో పద్యమును మరల ఎత్తుకొనవలసినవాడు ఆతడే.

2010లో చిత్రమునకు రంగులద్దిరి. గొంతులు 1957 నాటివే, చెక్కుచెదరలేదు. నాటకమునకు ఆ భాగ్యము లేదు. తండ్రి ప్రక్కన నిలిచి బిడ్డ పద్యము నేర్చినంతకాలమే అది నిలుచును. ఆ వరుస తెగిననాడు ఎంత ధనము పోసినను దానిని తిరిగి తేజాలము. కావున చిత్రమును ఇంట చూతము. నాటకమునకు టిక్కెట్టు కొని పోవుదము.