మలుపులో మీ తప్పు ఎవరు పట్టగలరు?

50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును గంటకు 80 కిలోమీటర్ల వేగంతో తిరగాలంటే మోటార్‌సైకిల్ దాదాపు 45 డిగ్రీలు వాలాలి. బండి ఖరీదును బట్టి మారే లెక్క కాదిది. వంపు రోడ్ల బయటి అంచును ఎత్తుగా ఎందుకు కడతారో చెప్పే ఇంటర్ ఫిజిక్స్ పాఠంలోని సూత్రమే. అదే మలుపులో వేగం 100కు పెంచితే వాలు 57 డిగ్రీలు దాటుతుంది. టైరు వెడల్పు వల్ల నిజానికి ఇంకొంచెం ఎక్కువే వాలాలి. మామూలు రోడ్డు బండి అయితే ఆపాటికి ఫుట్‌రెస్ట్ నేలకు రాసుకుంటుంది.

చేయి తిరిగిన ట్రాక్ రైడర్ అదే మలుపులో తక్కువ వాలుతో ఎక్కువ వేగంగా పోతాడు. ఒంటిని సీటు మీద నుంచి లోపలి వైపుకు దించి, మనిషీ బండీ కలిసిన గరిమనాభిని అటు జరుపుతాడు. దాంతో బండి అంతగా వాలనక్కర్లేదు. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ట్రాక్ వెడల్పంతా వాడుకుని తాను తిరిగే వ్యాసార్ధాన్నే పెంచుకుంటాడు. 50 మీటర్లను 60 చేయగలిగితే 100 కిలోమీటర్ల వేగానికి 53 డిగ్రీల లోపు వాలు చాలు. ఆ పది మీటర్లు బ్రేకు ఎక్కడ వదిలాడు, బండిని ఎక్కడ తిప్పాడు, అప్పుడు చూపు ఎక్కడుంది అన్నదాన్ని బట్టి వస్తాయి. ఆ వేగంలో సెకనులో పదో వంతు తడబడితే బండి దాదాపు మూడు మీటర్లు ముందుకు పోయి ఉంటుంది.

ఇంత సూక్ష్మమైన తేడాను రైడర్ తనంతట తాను పట్టుకోలేడు. 1980లో కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ మొదలుపెట్టిన కీత్ కోడ్ దీనికి ఒక మంచి పోలిక చెప్పారు: మన ధ్యాస మొత్తం జేబులోని పది డాలర్ల నోటు లాంటిది, కొత్తవాడికి బండి నడపడానికే అందులో చాలా భాగం ఖర్చయిపోతుంది, ఇక ట్రాక్‌ను గమనించడానికి చిల్లరే మిగులుతుంది. భయం వేసినప్పుడు శరీరం చేసే పనుల గురించి కూడా ఆయన వివరంగా రాశారు. చేతులు బిగుసుకుంటాయి. చూపు ఒకేచోట అతుక్కుపోతుంది. యాక్సిలరేటర్ టక్కున మూసుకుంటుంది. మలుపు మధ్యలో అలా మూస్తే బరువు ముందు చక్రం మీదికి దూకుతుంది. ఆ టైరు అప్పటికే తన పట్టులో ఎక్కువ భాగాన్ని బండిని తిప్పడానికి వాడుతూ ఉంటుంది. ఇది తెలియక జరిగే తప్పు కాదు కాబట్టి చదువుకున్నంత మాత్రాన పోదు.

అందుకే ఒక స్థాయి దాటాక కోచ్ కావాలి. మనవాళ్లు సాధారణంగా కప్పులు గెలిచినవాణ్ణి వెతుక్కుంటారు. నా దృష్టిలో అది సరైన కొలబద్ద కాదు. ఫిట్స్, పోస్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1967లో నైపుణ్యం మూడు దశల్లో అబ్బుతుందని వివరించారు. చివరి దశలో పని దానంతటదే జరిగిపోతుంది. చేసేవాడికి తానేం చేస్తున్నాడో మాటల్లో పెట్టడం కష్టమవుతుంది. “అలా తిప్పేస్తానంతే” అని చెప్పే విజేత అబద్ధమాడటం లేదు. కానీ ఆ జవాబు మనకు పనికిరాదు.

మంచి కోచ్ ఏం చూస్తాడో ఒక ఉదాహరణ. బండికి డేటా లాగర్ బిగించి, ముందు బ్రేకు ఒత్తిడిని గ్రాఫ్‌గా గీయించారనుకోండి. చాలామంది గ్రాఫ్ మెల్లగా పైకెక్కి, శిఖరం నుంచి నిలువునా కిందికి పడుతుంది. అంటే బ్రేకు నెమ్మదిగా పట్టి, ఒక్కసారిగా వదిలేశారు. పట్టినప్పుడు కుంగిన ముందు ఫోర్కు, వదలగానే ఎగిరి లేస్తుంది. సరిగ్గా బండిని తిప్పాల్సిన క్షణంలో ముందు టైరు మీద బరువు తగ్గిపోతుంది. బండి వెడల్పుగా పోతుంది. రైడర్ మాత్రం వేగం ఎక్కువైందనుకుని తర్వాతి లాప్‌లో ఇంకా ముందుగా బ్రేకు వేస్తాడు. కోచ్ ఆ గ్రాఫ్ చూపించి “బ్రేకు వేసే చోటు మార్చకు, వదిలే తీరు మార్చు” అని ఒక్క మాట చెబితే ఆ పూటకు చాలు.

ఈ విషయంలో స్కూళ్ల మధ్య నిజమైన అభిప్రాయభేదం ఉంది. కీత్ కోడ్ పద్ధతిలో యాక్సిలరేటర్‌దే పెద్దపీట. వీలైనంత త్వరగా దాన్ని మెల్లగా తెరుస్తూ పోయి, బరువు ముందు 40, వెనక 60 శాతంగా ఉండేలా చూడమంటారు. అమెరికాలోనే నిక్ ఐనాచ్ నేర్పే పద్ధతిలో బ్రేకును పలచగా మలుపు లోపలిదాకా తీసుకెళతారు. దీన్నే ట్రెయిల్ బ్రేకింగ్ అంటారు. ఫోర్కు కుంగి ఉన్నంతసేపూ దాని కోణం నిటారుగా ఉంటుంది, బండి తేలిగ్గా తిరుగుతుంది. రెండింటికీ భౌతికశాస్త్రంలో ఆధారం ఉంది. అయితే ఒకే రోజు రెండూ కలిపి నేర్చుకోవాలని చూస్తే ఏదీ ఒంటబట్టదు.

కోచ్ ఎన్నిసార్లు సరిదిద్దాలన్నదాని మీద కూడా పరిశోధనలు ఉన్నాయి. 1990లో విన్‌స్టీన్, ష్మిట్ చేసిన ప్రయోగాల్లో ప్రతి ప్రయత్నం తర్వాతా ఫలితం చెప్పించుకున్నవారికంటే, సగం ప్రయత్నాలకే చెప్పించుకున్నవారికి నేర్చుకున్నది బాగా నిలిచింది. హెల్మెట్‌లోని ఇంటర్‌కమ్‌లో ఆపకుండా మాట్లాడే కోచ్ ఆ రోజు లాప్ టైమ్ తగ్గించవచ్చు. వచ్చే నెల మీరు ఒంటరిగా వెళ్లినప్పుడు ఆ లాభం మిగలకపోవచ్చు. లాప్ ముగిశాక “నీకేమనిపించింది?” అని ముందు మిమ్మల్ని అడిగే కోచ్‌కే నా ఓటు.

తెలుగు రైడర్లకు అందుబాటులో ఉన్న ట్రాక్‌లలో రెండు, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని 3.7 కిలోమీటర్ల మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ (పాత పేరు మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్), కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే. కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ కూడా చెన్నై ట్రాక్ మీద తరగతులు నడిపింది. ప్రయాణం, టైర్లు, బండి రవాణా కలుపుకుంటే ఫీజుకంటే ఖర్చు బాగా పెరుగుతుంది. కాబట్టి డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి అడగండి: ఒక కోచ్ ఎంతమందిని చూస్తాడు? ప్రతి సెషన్‌కూ ఒకే అంశం మీద దృష్టి పెడతారా? వీడియోగానీ డేటాగానీ కూర్చోబెట్టి చూపిస్తారా? ముగ్గురికి మించి ఒకే కోచ్ అంటే ఇంకోచోట వెతకండి. ఇన్ని సెకన్లు తగ్గిస్తామని హామీ ఇచ్చేవాళ్ల జోలికి అసలు పోకండి. నేర్చుకున్నది మామూలు రోడ్డు మీద సాధన చేయకండి. అక్కడ ఇసుక ఉంటుంది, ఎదుటివాడి ప్రాణం కూడా ఉంటుంది.