అంగుళాలకు ముందు అడుగులు

టీవీ కొనదలచిన కుటుంబం దుకాణంలో ముందుగా ధర గురించి, తర్వాత అంగుళాల గురించి అడుగుతుంది గానీ, ఇంట్లో దాన్ని ఎంత దూరం నుంచి చూస్తారన్న ప్రశ్న అమ్మేవారి నోటగాని కొనేవారి నోటగాని అరుదుగా వినబడుతుంది. తెర పెద్దదా చిన్నదా అన్నది తెర ఒక్కదాన్ని బట్టి తేలే విషయం కాదు. నాలుగు అడుగుల దూరంలోని 32 అంగుళాల తెర కంటి ముందు ఎంత మేర ఆక్రమిస్తుందో, ఎనిమిది అడుగుల దూరంలోని 65 అంగుళాల తెర కూడా దాదాపు అంతే ఆక్రమిస్తుంది. కూర్చునే చోటు ముందు, తెర పరిమాణం తర్వాత, బొమ్మ స్పష్టత ఆ తర్వాత అన్న వరుసను పాటించినవారికి డబ్బు వృథా కాదు, చూపుకూ తృప్తి కలుగుతుంది.

అంగుళం కొలిచేదేమిటి?

టీవీకి చెప్పే అంగుళాలు దాని వెడల్పూ కాదు, ఎత్తూ కాదు. తెర కింది మూల నుంచి ఎదురుగా ఉన్న పై మూలకు గీసిన గీత, అంటే వికర్ణం పొడవు. నేటి టీవీలన్నీ దాదాపుగా 16:9 నిష్పత్తిలో, అంటే 16 పాళ్ల వెడల్పుకు 9 పాళ్ల ఎత్తుతో తయారవుతున్నాయి కాబట్టి, వికర్ణంలో 87 శాతం వెడల్పుగాను, 49 శాతం ఎత్తుగాను తీసుకోవచ్చు. ఆ లెక్కన 43 అంగుళాల తెర వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు, 55 అంగుళాల తెర వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు, 65 అంగుళాల తెర వెడల్పు సుమారు 144 సెంటీమీటర్లు అవుతాయి. వికర్ణం కొద్దిగా పెరిగినా వైశాల్యం దాని వర్గం చొప్పున పెరుగుతుంది గనుక, 43 నుంచి 55కు మారితే పెరిగేది 12 అంగుళాలే అయినా బొమ్మ పరచుకునే చోటు 60 శాతానికి పైగా పెరుగుతుంది.

పాత గాజు గొట్టపు టీవీలు 4:3 నిష్పత్తిలో ఉండేవి. వాటిలో 29 అంగుళాల టీవీకి తెర ఎత్తు 16 అంగుళాలు దాటేది. కొత్త 32 అంగుళాల టీవీకి ఆ ఎత్తు 16 అంగుళాలకు లోపే. పెద్ద అంకె చూసి మారిన ఇళ్లలో పాత కార్యక్రమాల్లోని ముఖాలు మునుపటి కంటే చిన్నవిగా కనిపించడానికి కారణం ఇదే.

కన్ను విధించే హద్దు

ఒక డిగ్రీ కోణాన్ని 60 సమభాగాలు చేస్తే వచ్చే ఒక్కొక్క భాగాన్ని కోణీయ నిమిషం అంటారు. నెదర్లాండ్స్ నేత్రవైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ 1862లో రూపొందించిన అక్షరాల పటం ఈ కొలత మీదనే ఆధారపడింది. కంటి వైద్యులు 6/6 అని రాసే సాధారణ చూపు ఉన్నవారు ఒక కోణీయ నిమిషమంత సన్నని వివరాన్ని విడిగా గుర్తించగలరు, అంతకంటే సూక్ష్మమైనవి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. టీవీ బొమ్మ పిక్సెల్ అనే చిన్న చుక్కలతో ఏర్పడుతుంది కాబట్టి, ఏ దూరం దాటితే ఆ చుక్కలు విడివిడిగా కనబడవో ఈ సూత్రంతో లెక్క కట్టవచ్చు.

దూరదర్శన్ అనుసరించిన 625 గీతల పద్ధతిలో బొమ్మను చూపేవి 576 గీతలు. వాటి మధ్య ఎడం కనబడకుండా ఉండాలంటే తెర ఎత్తుకు ఆరు రెట్ల దూరంలో కూర్చోవాలి. 1977 అక్టోబరులో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైన తర్వాత తెలుగు ఇళ్లలో స్థిరపడిన ‘దూరంగా కూర్చుని చూడాలి’ అన్న అలవాటు ఆనాటి బొమ్మకు సరిపోయింది. నిలువునా 1080 చుక్కలున్న ఫుల్ హెచ్‌డీ తెరకు ఆ దూరం ఎత్తుకు మూడు రెట్ల కంటే కాస్త ఎక్కువకు తగ్గింది. 2160 చుక్కలున్న 4కే తెరకు సుమారు ఒకటిన్నర రెట్లకు దిగివచ్చింది. సాంకేతికత మారి టీవీ దగ్గరకు రమ్మంటున్నా, చాలా ఇళ్లలో సోఫా మాత్రం పాత చోటనే ఉండిపోయింది.

చూపు నిండే కోణం

చుక్కలు కనబడకపోవడం ఒక్కటే చాలదు. బొమ్మ చూపులో తగినంత మేర నిండితేనే దృశ్యంలో లీనమయ్యే అనుభూతి కలుగుతుంది. తెర ఎడమ అంచు నుంచి కుడి అంచు వరకు కంటి వద్ద ఏర్పడే కోణాన్ని దృక్కోణం అంటారు. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే భవిష్యత్తు టీవీ కోసం పరిశోధన ఆరంభించి, తన హై విజన్ పద్ధతికి సుమారు 30 డిగ్రీల దృక్కోణాన్ని, తదుపరి తరం 8కే పద్ధతికి 100 డిగ్రీలను లక్ష్యంగా పెట్టుకుంది. అమెరికాలోని చలనచిత్ర, టెలివిజన్ ఇంజినీర్ల సంఘం కూడా 30 డిగ్రీలనే కొలబద్దగా తీసుకోగా, సినిమా హాళ్ల నాణ్యత ప్రమాణాలతో పేరుపొందిన టీహెచ్‌ఎక్స్ సంస్థ ఇంట్లో సినిమా చూసేవారికి 40 డిగ్రీలను సూచించింది.

ఈ రెండు కోణాలను గుర్తుంచుకోదగిన లెక్కగా మార్చవచ్చు. కంటికీ తెరకూ మధ్య దూరాన్ని అడుగుల్లో కొలిచి ఏడున్నరతో గుణిస్తే 30 డిగ్రీలకు తగిన తెర అంగుళాల్లో వస్తుంది. పదితో గుణిస్తే 40 డిగ్రీలకు తగినది వస్తుంది. ఐదుతో గుణిస్తే దృక్కోణం 20 డిగ్రీల దగ్గర ఆగుతుంది. వార్తలు, సీరియళ్లు ప్రధానంగా చూసే ఇంటికి ఐదుకూ ఏడున్నరకూ మధ్య, క్రికెట్టూ సినిమాలూ ఇష్టపడే ఇంటికి ఏడున్నర చుట్టుపక్కల, గదిని సినిమా కోసమే అమర్చుకున్నవారికి పది వరకు ఎంచుకోవడం సమంజసం.

హాలులో ఎంత దూరం?

దూరం అంటే గోడకూ గోడకూ మధ్య కొలత కాదు. సోఫా వీపు గోడకు ఆనించి ఉన్నా కూర్చున్న మనిషి కళ్లు గోడకు సుమారు రెండు అడుగుల ముందుంటాయి. ఎదుటి గోడకు బిగించిన టీవీ కూడా బ్రాకెట్‌తో కలిపి అర అడుగు ముందుకు వస్తుంది. అందువల్ల పది అడుగుల వెడల్పున్న హాలులో నిజమైన దూరం ఏడున్నర అడుగులే. దానికి తగిన తెర 55 అంగుళాలు. పన్నెండు అడుగుల హాలులో దూరం తొమ్మిదిన్నర అడుగులు గనుక 65 అంగుళాల తెర కూడా అతిశయం కాదు. అదే హాలులో 32 అంగుళాల టీవీ పెడితే దృక్కోణం 14 డిగ్రీల వద్దే ఆగి, క్రికెట్ బంతినీ తెర అడుగున పరుగెత్తే వార్తల అక్షరాలనూ కళ్లు చికిలించి వెతుక్కోవలసి వస్తుంది.

4కే ప్రయోజనం ఎక్కడ మొదలవుతుందో కూడా ఇక్కడే తేలుతుంది. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలోని చుక్కలు ఐదున్నర అడుగులు దాటితే సాధారణ చూపుకు విడిగా కనబడవు. కాబట్టి తొమ్మిది అడుగుల దూరం నుంచి అంతే పరిమాణం గల 4కే తెరను చూసేవారికి అదనపు చుక్కల వల్ల కలిగే స్పష్టత అందదు. 4కే టీవీల్లో రంగులు, వెలుగునీడల తేడాలు మెరుగ్గా ఉండవచ్చు గానీ, అది వేరే గుణం. మరోవైపు, పాత ప్రమాణపు ఎస్‌డీ ఛానళ్లను కేబుల్‌లో చూసే ఇంట్లో 55 అంగుళాల తెర నిరాశ కలిగించవచ్చు. ఆ ప్రసారం నునుపుగా కనబడాలంటే పదమూడు అడుగులకు మించి దూరం కావాలి. పెద్ద తెరకు మారేవారు హెచ్‌డీ ప్రసారానికి, హెచ్‌డీ సెట్‌టాప్ బాక్సుకు కూడా మారడం అవసరం.

సినిమా ఆకారం

1974లో విడుదలైన ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. ఎత్తుకు దాదాపు రెండున్నర రెట్ల వెడల్పుండే ఈ పద్ధతి చిత్రాలను 16:9 తెర మీద ఉన్నదున్నట్టు చూపితే వెడల్పు మొత్తం నిండుతుంది గానీ, పైనా కిందా నల్లని పట్టీలు మిగిలి, ఎత్తులో మూడొంతులే ఉపయోగపడుతుంది. అంతకు ముందు తరం చిత్రాలు 4:3కు దగ్గరి ఆకారంలో తీసినవి కావడంతో ఎత్తు నిండి వెడల్పులో మూడొంతులే ఉపయోగపడుతుంది. ఆ ఖాళీని పూడ్చడానికి బొమ్మను సాగదీసే అమరికను వాడితే నటుల ముఖాలు వెడల్పెక్కి, ఛాయాగ్రాహకుడు కూర్చిన చట్రం చెదిరిపోతుంది; మన సినిమా వారసత్వం పట్ల గౌరవం ఉన్నవారు ఆ అమరికను ఆపి ఉంచడం మేలు.

ఎత్తు, పక్కచూపు, వెలుతురు

సోఫాలో కూర్చున్న వ్యక్తి కళ్లు నేల నుంచి సుమారు మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటాయి. తెర మధ్యభాగం ఆ ఎత్తుకు సమంగానో కాస్త దిగువనో ఉండాలి. 55 అంగుళాల టీవీకి ఆ లెక్కన కింది అంచు నేలకు రెండున్నర అడుగుల లోపు ఉంటుంది. తలుపు పైకమ్మి ఎత్తులో బిగించే అలవాటు వల్ల చూసేవారు తల వెనక్కి వాల్చవలసి వచ్చి, మెడ నొప్పికి దారితీస్తుంది. చాప మీద కూర్చుని చూసే కుటుంబం మరింత దిగువన అమర్చుకోవాలి.

అందరూ తెరకు ఎదురుగా కూర్చోలేని గదిలో ప్యానెల్ రకం కూడా ముఖ్యమే. ఎల్‌సీడీ ప్యానెళ్లలో వీఏ రకం నలుపును గాఢంగా చూపినా పక్క నుంచి చూస్తే రంగులు వెలవెలబోతాయి. ఐపీఎస్ రకం పక్కచూపుకు అనుకూలం గానీ చీకటి గదిలో నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది. చుక్కలే స్వయంగా వెలిగే ఓఎల్ఈడీ రెండింటా మెరుగైనది, ఖరీదైనది. కిటికీకి నేరుగా ఎదురుగా టీవీ పెడితే ఏ రకమైనా పగటి ప్రతిబింబాల నుంచి తప్పించుకోలేదు.

దగ్గరగా చూస్తే కళ్లు పాడవుతాయా?

ఈ భయానికి ఒక చారిత్రక కారణం ఉంది. 1967లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ తయారుచేసిన కొన్ని రంగుల టీవీల నుంచి పరిమితికి మించిన ఎక్స్ కిరణాలు వెలువడుతున్నట్టు తేలడంతో వాటిని సరిచేయవలసి వచ్చింది, మరుసటి ఏడాదే అక్కడ రేడియేషన్ నియంత్రణ చట్టం వచ్చింది. గాజు గొట్టం లేని నేటి టీవీలకు ఆ ప్రమాదం లేదు. దగ్గరగా చూడటం వల్ల కన్ను శాశ్వతంగా దెబ్బతినదు గానీ, రెప్ప వేయడం తగ్గి కళ్లు పొడిబారి అలసిపోతాయి. పిల్లలు పదేపదే తెర దగ్గరకు జరుగుతుంటే మందలించి ఊరుకోకూడదు. దూరపు చూపు మందగించిందేమో తెలుసుకోవడానికి కంటి వైద్యునికి చూపించాలి.

కొనేముందు

2019 నుంచి 32 అంగుళాల వరకు 18 శాతం, అంతకు మించితే 28 శాతం జీఎస్టీ ఉండటం వల్ల చాలా కుటుంబాలు చిన్న టీవీ దగ్గరే ఆగిపోయాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద టీవీల మీద కూడా పన్ను 18 శాతానికి తగ్గింది గనుక పరిమాణాన్ని ఇకపై పన్ను కాక గది నిర్ణయించవచ్చు. అయితే విశాలమైన దుకాణంలో పక్కపక్కన వెలిగే తెరల మధ్య ఏ టీవీ అయినా చిన్నదిగానే తోస్తుంది, కాబట్టి అక్కడి అంచనాను నమ్మడం తగదు. టేపుతో ఇంట్లో దూరం కొలిచి, ఏడున్నరతో గుణించి, వచ్చిన పరిమాణానికి తగిన వెడల్పు, ఎత్తు కొలతల్లో పాత వార్తాపత్రికలను అతికించి గోడకు అంటించి, రెండు రోజులు అదే సోఫాలో కూర్చుని చూడాలి. ఇంటిల్లిపాదికీ ఆ కొలత నచ్చాకే దుకాణం మెట్లెక్కాలి. కొలవకుండా కొన్న టీవీ ఎంత ఖరీదైనదైనా ఆ గదికి సరిపోతుందన్న హామీ లేదు.