పిస్టను, రాడ్డు: జోడు తప్పని బిగింపు

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్ట భూముల్లో చెల్క నేలలు ఎక్కువ. ఇసుకపాలు హెచ్చుగా ఉండే ఈ ఎర్రమట్టి ఎండాకాలపు దుక్కిలో సన్నని దుమ్ముగా లేచి, గాలి వడపోత సరిగా లేని ట్రాక్టరు ఇంజన్‌లోకి చేరితే, అందులోని గట్టి రేణువులు పిస్టన్ రింగులనూ లైనర్ గోడలనూ ఆకురాయిలా అరగదీస్తాయి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వైపు వరి పొలాల్లో కష్టం మరో రకం. అక్కడ నాట్లకు ముందు కరిగెట దున్నేటప్పుడు ఇంజన్ గంటల తరబడి బురదను ఈడుస్తూనే ఉంటుంది. కారణం ఏదైనా, నీలి పొగ వస్తూ, ఆయిల్ తరుగుతూ, లాగుడు పడిపోయిన నాడు ఇంజన్ బోరుకొచ్చిందంటారు, దాన్ని విప్పి కొత్త పిస్టన్, రింగులు, లైనర్ల కిట్టు బిగిస్తారు. బోరంటే గొట్టపుబావే గుర్తొచ్చే ఈ సీమలో, మెకానిక్కు నోట ఆ మాటకు అర్థం పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రం.

పిస్టన్ మీద మండిన డీజిల్ వాయువుల ఒత్తిడిని కనెక్టింగ్ రాడ్డు కిందికి మోసుకెళ్లి క్రాంక్ షాఫ్టును తిప్పుతుంది. 100 మిల్లీమీటర్ల బోరులో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 80 కిలోలకు చేరితే పిస్టన్ నెత్తిన పడే బరువు 6 టన్నులు దాటుతుంది. నిమిషానికి 2,000 చుట్లు తిరిగే ఇంజన్‌లో ఆ పిస్టన్ నిమిషానికి 4,000 సార్లు ఆగి వెనక్కి మళ్లుతుంది. బిగింపులో జరిగిన చిన్న పొరపాటు కూడా అన్నిసార్లూ దెబ్బ కొడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది జోడు తప్పకపోవడం. రాడ్డు కింది చివర రెండు ముక్కలుగా ఉండి, కింది ముక్క అయిన క్యాప్ బోల్టులతో బిగుస్తుంది. కర్మాగారంలో ఈ రెంటినీ కలిపి బిగించాకే గుండ్రని రంధ్రాన్ని తుది కొలతకు తొలుస్తారు కాబట్టి, ఒక రాడ్డు క్యాప్‌ను మరోదానికి వేసినా, తిప్పి వేసినా ఆ గుండ్రతనం వెంట్రుకవాసి చెడుతుంది. ఆ రంధ్రంలో కూర్చునే బేరింగుకూ క్రాంక్ పిన్నుకూ మధ్య ఆయిల్ పొర నిలిచే సందు మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండదు కనుక, ఆ వెంట్రుకవాసే బేరింగును పట్టేయించడానికి చాలు. అందుకే విప్పేటప్పుడే రాడ్డు మీదా క్యాప్ మీదా ఉన్న అంకెలు సరిచూసుకోవాలి. ఈ కాస్త ఓపిక లేని చోట, కొన్న కొత్త కిట్టు ఎంత మేలైనదైనా వృథా అవుతుంది.

పిస్టన్‌నూ రాడ్డునూ కలిపే గజన్ పిన్నును సుత్తితో కొట్టి ఎక్కించకూడదు. అల్యూమినియం పిస్టన్ వేడికి ఉక్కు పిన్నుకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. బిగువుగా ఉన్న పిస్టన్‌ను వేడి నూనెలో ఉంచి తీస్తే పిన్ను బొటనవేలి ఒత్తిడికే జారిపోతుంది, ఆ పైన రెండు వైపులా లాకు రింగులు గాడిలో కూర్చున్నాయో లేదో చూడాలి.

రింగును తొడిగే ముందు లైనర్‌లోనే నిలిపి, తలకిందులుగా పట్టిన పిస్టన్‌తో సమంగా కిందికి నెట్టి, దాని రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజీతో కొలుస్తారు. 100 మిల్లీమీటర్ల బోరుకు సాధారణంగా 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు ఉండాలని వాడుక. అసలు కొలత ఆ ఇంజన్ పుస్తకంలోదే. సందు తక్కువైతే వేడికి కొసలు తాకి రింగు విరిగి లైనర్‌ను గీరేస్తుంది, ఎక్కువైతే వాయువులు కిందికి జారి ఆయిల్‌ను పాడుచేస్తాయి. తొడిగాక మూడు రింగుల కొసలు ఒకే వరుసలో రాకుండా దూరదూరంగా తిప్పుతారు.

పిస్టన్ నెత్తి మీది బాణం గుర్తును ముందువైపుకు పెట్టి, రింగులను కంప్రెసర్ పట్టీతో అణచి, క్రాంక్ పిన్ను గీరుకుపోకుండా రాడ్డు బోల్టులకు రబ్బరు గొట్టాలు తొడిగి, సుత్తి చెక్కపిడితో మెల్లగా దించాలి. బేరింగు వీపు పొడిగా, తుడిచినట్టు ఉండాలి, ఆయిల్ లోపలి ముఖానికే. బోల్టుల బిగింపుకు అనుభవజ్ఞుల చేతి అందాజా ఎంత గొప్పదైనా టార్క్ రెంచీకి సాటిరాదు, ఎందుకంటే ఆ బోల్టు ఎంత సాగితే అంత పట్టు ఇస్తుందో వేళ్లకు తెలియదు. ఒక్కో క్యాప్ బిగించగానే క్రాంకును చేత్తో ఓ చుట్టు తిప్పి చూడాలి. అప్పటిదాకా మెత్తగా తిరిగినది ఒక్కసారి బిర్రుగా తగిలితే, తప్పు చివరగా బిగించిన ఆ రాడ్డులోనే ఉంటుంది, అక్కడే విప్పి చూడవలసి ఉంటుంది.