పాచిక పడింది, ఇప్పుడు ఎంత చెప్పాలి?

సంక్రాంతికి మా మేనల్లుడు హైదరాబాదు నుంచి వస్తూ ఒక చిన్న సంచి తెచ్చాడు. దాని నిండా రంగురంగుల పాచికలు. వాటిలో ఒకదానికి ఇరవై ముఖాలున్నాయి! ప్రతి ముఖమూ సమబాహు త్రిభుజమే. "ఇదేం పాచికరా?" అన్నాను. "డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలోది మామయ్యా. కూర్చోండి, మీకూ నేర్పుతాను" అన్నాడు.

ఈ ఆట 1974లో అమెరికాలో వెలువడింది. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని రూపొందించారు. మన వైకుంఠపాళిలో పటం అందరి ముందూ పరచి ఉంటుంది కదా! పాము ఎక్కడుందో, నిచ్చెన ఎక్కడుందో ముందే తెలుసు. ఇందులో అలా కాదు. పటం ఒక్కరి దగ్గరే, ఒక అట్ట తెర వెనుక ఉంటుంది. ఆయనే గేమ్ మాస్టర్. కథ చెప్పేదీ ఆయనే, తీర్పు చెప్పేదీ ఆయనే. మిగిలినవారు తలా ఒక పాత్ర తీసుకుంటారు. "ఎదురుగా గుహ ఉంది, ఏం చేస్తారు?" అని ఆయన అడుగుతాడు. వీరు చెబుతారు. ఏమవుతుందో సందేహమైనప్పుడు పాచిక వేస్తారు.

గుహలోంచి ట్రోల్ అనే భూతం వచ్చిందనుకోండి. ఈ ఆటలో ట్రోల్‌కు తగిలిన గాయాలు వాటంతటవే మానిపోతాయి. నిప్పు వల్లనో, ఆమ్లం వల్లనో అయిన గాయాలు మాత్రం అలా మానవు. ఈ సంగతి మా మేనల్లుడికి తెలుసు. కానీ అతను ధరించిన మాంత్రికుడి పాత్రకు తెలుసా? అది తేల్చేదే జ్ఞాన పరీక్ష.

2003లో వచ్చిన నియమాల ప్రకారం ట్రోల్ గురించి తెలిసి ఉండాలంటే మొత్తం 16 రావాలి. పాచిక మీద పడిన సంఖ్యకు ఆ పాత్ర చదువుకు ఇచ్చిన అంకెను కలుపుతారు. చదువు 6 అనుకుందాం. అప్పుడు పాచిక మీద 10 గానీ అంతకు మించి గానీ పడాలి. 10 నుంచి 20 వరకు పదకొండు ముఖాలు. కనుక సంభావ్యత 11/20, అంటే 55 శాతం. నెగ్గితే పనికొచ్చే సంగతి ఒకటి చెబుతారు. ఆపై ప్రతి 5 కీ మరొకటి. రెండు సంగతులు తెలియాలంటే 15 పడాలి: 30 శాతం. మూడు తెలియాలంటే 20 పడి తీరాలి: 5 శాతం. కాగితం మీద మీరే వేసి చూడండి.

లెక్క బాగానే ఉంది. కానీ ఆ ఒక్క సంగతి ఏది కావాలి? "ట్రోల్ చాలా పెద్దది" అని చెప్పి ఊరుకోవచ్చు. అది నిజమే, కానీ అందరికీ కళ్ళెదుట కనబడుతూనే ఉంది! క్లాడ్ షానన్ అనే అమెరికన్ గణితవేత్త 1948లో సమాచారాన్ని కొలిచే పద్ధతి చూపాడు. ఆయన లెక్కలో ఎంత సందేహం తీరితే అంత సమాచారం. ముందే తెలిసినదాన్ని చెబితే అందిన సమాచారం సున్న. నన్నడిగితే, పాచిక నెగ్గినవాడికి మొదట నిప్పు సంగతే చెప్పాలి. మిగతా ముచ్చట్లు ఆ తరువాత.

ఇంకొక చిక్కు ఉంది. నలుగురు ఆటగాళ్ళూ "నేనూ వేస్తాను" అంటే? అందరి చదువూ 6 అనుకుంటే ఒక్కొక్కరు తప్పే సంభావ్యత 9/20. నలుగురూ తప్పాలంటే దాన్ని నాలుగుసార్లు వేసి గుణించాలి. దాదాపు 4 శాతం వస్తుంది. అంటే నూటికి తొంభై ఆరుసార్లు ఎవరో ఒకరికి తెలిసిపోతుంది. ఇక పరీక్ష పెట్టి ఏం లాభం? అందుకే ఎవరు వేయవచ్చో ముందే తేల్చుకోవాలి.

అన్నిటికంటే నాకు నచ్చిన చిక్కు వేరే ఉంది. పాచిక మీద 2 పడటం ఆటగాడు చూశాడు. మాస్టర్ "దీనికి నిప్పంటే లెక్కలేదు" అన్నాడు. ఆటగాడు నమ్ముతాడా? నమ్మడు. 2 పడిందంటే చెప్పింది అబద్ధమని ఊహించి వెంటనే కాగడా అందుకుంటాడు! అందుకే పాత్‌ఫైండర్ అనే మరో ఆటలో, 2019 నాటి రెండవ కూర్పులో, ఈ పాచికను మాస్టరే రహస్యంగా వేస్తాడు. మరీ ఘోరంగా తప్పితే తప్పుడు సంగతి చెబుతాడు. ఆటగాడికి ఏది నిజమో తెలియదు.

ఇది విన్నప్పుడు నాకు మా ప్రయోగశాల గుర్తుకొచ్చింది. కుంభాకార కటకం నాభ్యంతరం కనుక్కునే పరీక్షలో తప్పు కొలత తెచ్చినవారితో మాత్రమే "మరోసారి చూడు" అనేవాణ్ణి. సాయం చేస్తున్నాననే అనుకున్నాను. పిల్లలు ఆ మాట అర్థం ఎప్పుడో పసిగట్టారు. ఒక ఏడు ఒక అమ్మాయి సరైన కొలతే తెచ్చింది. నేను ఏదో పరాకులో ఉండి ఆమెతోనూ "మరోసారి చూడు" అన్నాను. ఆమె మళ్ళీ కొలవలేదు. ఉన్న 20 సెంటీమీటర్లు చెరిపేసి 15 రాసింది. మార్కులు పోయాయి. సంగతి తెలిసి ఆమెకు మార్కులు వేశాననుకోండి, కానీ ఆమె తన కళ్ళను కాదని నా మాటను నమ్మిందన్న బాధ పోలేదు. ఆ మరుసటి రోజు నుంచి తప్పయినా ఒప్పయినా అందరితోనూ "మరోసారి చూడు" అంటున్నాను.

కొన్ని సంగతుల్ని పాచికకు అసలు వదలకూడదు. అపరాధ పరిశోధన కథలో ఉన్న ఒక్క ఆధారమూ పాచిక తప్పి దొరక్కపోతే కథ అక్కడే ఆగిపోతుంది. రాబిన్ లాస్ అనే రచయిత రూపొందించిన గమ్‌షూ పద్ధతిలో ముఖ్యమైన ఆధారానికి పాచికే లేదు. తగిన చదువున్న పాత్ర సరైన చోట వెదికితే ఆధారం దొరికినట్టే. దాన్నుంచి ఏం గ్రహిస్తారన్నదే ఆట.

భోజనాలయ్యాక నన్నే గేమ్ మాస్టర్‌గా కూర్చోబెట్టారు. మేనల్లుడి మాంత్రికుడు పాతకోట తలుపు మీది గుర్తును చూసి, "ఇదేమిటో నాకు తెలుసా?" అని అడిగాడు. తెర వెనుక పాచిక వేశాను. 3 పడింది. గొంతు సవరించుకుని, ఏమీ ఎరగనట్టు, "ఇది స్వాగత చిహ్నం, నిర్భయంగా లోపలికి వెళ్ళవచ్చు" అన్నాను.

వాడు నా వైపు చూసి పకపకా నవ్వాడు. "పాచిక దాచారు సరే మామయ్యా, ముందు మీ మొహం దాచుకోండి!"